పదకొండో పేరు

ఓడ రాజధాని ఫునాఫుటి రేవుకి చేరేసరికి వాన పడుతోంది. మూడు డబ్బాల కల్లుపాకం భుజాన వేసుకుని దిగాను. నా వెనక సపోవా, ఫకతోవా దిగారు. ఇద్దరూ మా నియులకీతా దీవిలో నాతోపాటు కల్లు గీసేవాళ్లే. రేవులో మెలాలి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. మా చెల్లెలి కూతురు. ఆసుపత్రిలో నర్సు. ఆ ఏడు మా ఫుట్‌బాల్ జట్టు పెత్తనం కూడా ఆమెదే.

"ఇద్దరేనా మావయ్యా?"

"ఇద్దరే."

"ముగ్గుర్ని తెమ్మని కబురు పెట్టాను కదా."

"మూడోవాడు నేను."

ఆమె నవ్వింది. నేను వేళాకోళానికి అనలేదు. మా దీవిలో ఉన్నదే ముప్పై అయిదు మంది. ఆడవాళ్లనీ పిల్లల్నీ తీసేస్తే మిగిలినవాళ్లలో నాకంటే గట్టివాడు లేడు. అరవై ఎనిమిదేళ్లు వచ్చినా రోజుకి రెండు పూటలా పన్నెండు చెట్లు ఎక్కి దిగుతాను.

"సరే, నీ పేరు కూడా రాయించేద్దాం. పోయేదేముంది," అంది.

మైదానం పక్కన రేకుల గదిలో గుమస్తా పెద్ద పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. మెలాలి గొడుగు దులపడానికి గుమ్మం దగ్గర ఆగిపోయింది. మెలాలి ముందే చెప్పి ఉంచిన కుర్రాళ్లిద్దరి పేర్లూ, ఊరు అడక్కుండానే, ముందు రాసేశాడు. తర్వాత నా వంతు వచ్చింది.

"పేరు?"

"లుతెలు."

"వయసు?"

చెప్పాను. తలెత్తి నన్నోసారి చూసి, మళ్లీ దించి రాసుకున్నాడు.

"దీవి?"

"నియుటావో," అన్నాను.

నేను ఆలోచించి చెప్పిన మాట కాదది. మావాళ్లని ఎవరడిగినా, ఆసుపత్రిలో అడిగినా చర్చిలో అడిగినా పెళ్లి చీటీలో రాసేటప్పుడు అడిగినా, అలాగే చెబుతాం. నియుటావోలో జనం ఎక్కువై తిండి చాలక కొన్ని కుటుంబాలని దక్షిణాన ఖాళీగా పడి ఉన్న నియులకీతాకి పంపినప్పుడు నాకు పదేళ్లు. మూడో తరగతి అయిపోయింది. అక్కడ బడి లేదు. నాన్న నా చేతికి కల్లు కత్తి ఇచ్చాడు. అన్న తెయగాయి మాత్రం నాయనమ్మ దగ్గర, భూమి చూసుకోవడానికి నియుటావోలో ఉండిపోయాడు. మమ్మల్ని పంపినవాళ్లు నియుటావో పెద్దలు. పెద్దలున్న చోటే మన ఊరని చెప్పుకోవడం మర్యాద. మా దీవుల దేశం పేరుకే ఎనిమిది అని అర్థం. మేము తొమ్మిదో దీవి, లెక్కలో లేని దీవి. వేరే పేరు చెబితే అడిగినవాడికి రాసుకోవడానికి గడి కూడా ఉండేది కాదు.

బంతాటలోనూ అంతే. దీవికో జట్టు, ఎనిమిది జట్లు. మా పిల్లలు నియుటావో చొక్కాలు తొడుక్కుని వాళ్ల బెంచీ మీద కూర్చునేవాళ్లు. ముందు ఆడే నియుటావో పిల్లలు అలిసిపోతే వీళ్లని దింపేవాళ్లు.

ఆ ఏడు మెలాలి నియుటావో పెద్దల దగ్గరికి వెళ్లి, మా దీవి పేరు మీద వేరే జట్టు కావాలని అడిగింది. రాజధానిలో నియుటావో వాళ్లందరికీ పెద్ద మా అన్న తెయగాయి. అతను చెప్పిన మాట ఇది: "ఒక్క ఏడాది చూస్తాం. ప్రతి ఆటకీ విజిల్ పడేసరికి పదకొండు మంది మైదానంలో నిలబడాలి. ఒక్కసారి పది మందే వచ్చారా, మీ పేరు కొట్టేస్తాం. మళ్లీ మా చొక్కాల్లోకే రావాలి." లీగువాళ్లు కూడా సరే అన్నారు.

మాకు మొత్తం పదమూడు మంది దొరికారు. నన్ను కలపకుండా.

*

మొదటి ఆట వైతుపు దీవి వాళ్లతో. ఏడు గోల్స్ వేశారు. జనం మోటారు సైకిళ్ల మీద కూర్చుని చూశారు. గోల్స్ కంటే మాటలు ఎక్కువ పడ్డాయి.

"ఎనిమిది మంది కూర్చునే చాప మీద తొమ్మిదోడికి చోటేదిరా?" అని ఒకడు అరిచాడు.

మా గోల్‌కీపర్ ఉవోటా. నాకు మనవడి వరస. వాడి నోరు మూతపడదు. గోలు ముందు నిలబడే వెనక్కి తిరిగి జవాబు చెప్పాడు. "చివర కూర్చుంటాంలే అన్నా! మీరు కాళ్లు మడుచుకోవాల్సొస్తది, అంతే!"

వాడు అటు తిరిగి ఉండగా అయిదో గోలు పడింది.

"ఒరేయ్, ముందు బంతికి జవాబు చెప్పరా!" అని మెలాలి గీత అవతల నుంచి కేక పెట్టింది.

రోజూ సాయంత్రం విమానాల దారి మీదే సాధన. ఊళ్లో అంత చదునైన నేల ఇంకెక్కడా లేదు. విమానం వచ్చే రోజు సైరను కూస్తే బంతి చంకన పెట్టుకుని అందరూ పక్కకి పరిగెత్తేవాళ్లు. విమానం దిగి, మనుషులు దిగి, మళ్లీ ఎగిరాక ఆట ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి. నాకు చెట్లు లేకపోతే తోచదు. మెలాలి ఇంటి పక్కవాళ్లవి రెండు కొబ్బరిచెట్లు గీయడానికి తీసుకున్నాను. పై నుంచి చూస్తే ఎవరు పరిగెడుతున్నారో, ఎవరు పరిగెడుతున్నట్టు నటిస్తున్నారో తెలిసిపోతుంది.

"తాతా, చెట్టు మీద పాట పాడవా? అందరూ పాడతారు కదా," అని ఉవోటా కింద నుంచి అడిగేవాడు.

"నీ కుడికాలు బద్ధకిస్తోంది," అనేవాణ్ణి.

ఆట మధ్యలో పిల్లలకి పాకం నీళ్లలో కలిపి ఇచ్చాను. రెండో ఆట అయిదు గోల్స్‌తో ఓడాం. మూడోది రెండింటితో. నాలుగో ఆట ఒకటికి ఒకటి. అయిదో ఆటలో నుయి దీవి వాళ్ల మీద ఫకతోవా రెండు గోల్స్ వేశాడు. వాళ్లు ఒకటి. గెలిచాం.

ఆ సాయంత్రం రేడియోలో చెప్పారు. నియులకీతా రెండు, నుయి ఒకటి. అంతకుముందు మా దీవి పేరు రేడియోలో వచ్చేది గాలివాన కబుర్లలోనూ ఓడ కబుర్లలోనూ. మెలాలి నర్సు బట్టల్లోనే వీధిలో చిందులేసింది. ఆడవాళ్లు మా ఆచారం ప్రకారం, సంబరానికి, ఆడిన పిల్లల మెడల మీద పౌడరు చల్లారు. నేను చెట్టు మీద ఉన్నాను. కత్తి ఆపి విన్నాను. ఆ పూట గెల మీద కత్తి గీత కొంచెం మందంగా పడింది.

*

తర్వాత ఒక్కొక్కరే రాలిపోయారు. ఆరో ఆటలో ఒకడి చీలమండ విరిగింది. మా మైదానం పగడపు రాయి, పడితే క్షమించదు. సపోవాకి సముద్రపు ఉద్యోగం పిలుపొచ్చింది, జర్మనీ వాళ్ల సరుకు ఓడ మీద. గురువారం విమానం ఎక్కాలి. ఎక్కకపోతే మళ్లీ రెండేళ్ల దాకా పిలవరు. వాడు ఏడుస్తూ చొక్కా మడిచి మెలాలి చేతిలో పెట్టాడు. ఇక ఉవోటా. ఏడో ఆటలో రిఫరీతో, "అయ్యా, ఆ విజిల్ మీ అత్తగారిదా, మీ మాట వినట్లేదు," అన్నాడు. ఎర్ర కార్డు. తర్వాతి ఆటకి రాకూడదు.

తర్వాతి ఆటే ఆఖరిది, నియుటావోతో. మాకు పది మంది మిగిలారు.

"పదకొండోవాడు ఉన్నాడుగా," అంది మెలాలి. నా వైపు చూసింది. "నిలబడితే చాలు మావయ్యా. విజిల్ పడ్డాక బయటికి వచ్చెయ్."

గురువారం మధ్యాహ్నం పేర్ల చీటీ ఇవ్వడానికి ఇద్దరం రేకుల గదికి వెళ్లాం. గుమస్తా పుస్తకం తిరగేశాడు. మా దీవి పేజీ చూశాడు. మళ్లీ చూశాడు. ఇంకో పేజీ తీశాడు.

"ఈయన మీవాడు కాదండీ. నియుటావో పేజీలో ఉన్నాడు."

మెలాలి పుస్తకం లాక్కుని చూసింది. "ఎవరు రాశారిలా?"

"ఆయన చెప్పిందే రాశాను."

ఆమె నా వైపు తిరిగింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఎనిమిది నెలలుగా ఇల్లిల్లూ తిరిగాను మావయ్యా," అంది. "మేం వేరే, మాకూ పేరుందని అందరికీ చెప్పుకుంటూ. నువ్వు ఇక్కడ కూర్చుని నియుటావో అని చెప్పావా?"

"అలవాటు."

"మార్చొచ్చా?" అని గుమస్తాని అడిగింది.

"ఆ దీవి పెద్దలు వదిలేశామని చెప్పాలి. మండపంలో, అందరి ముందూ."

నియుటావో పెద్దలు ఎందుకు వదులుతారు? వాళ్లూ వైతుపు వాళ్లూ పాయింట్లలో సమానంగా ఉన్నారు. మేము పదిమందిమే వస్తే, ఆడకుండానే మూడు గోల్స్‌తో గెలిచినట్టు. కప్పు వాళ్లది. మా పేరు కొట్టేస్తారు. వాళ్లు చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే.

"నేను అడుగుతాను," అంది మెలాలి.

"తప్పు నాది," అన్నాను.

"నువ్వు మాట్లాడతావా?" అంది. మొన్నటి రోజు అయితే నవ్వుతూ అనేది.

*

శుక్రవారం పొద్దువాలాక, రాజధానిలో నియుటావో వాళ్లు కట్టుకున్న మండపానికి వెళ్లాను. మండపంలో ఒక్కో స్తంభం ఒక్కో ఇంటిది. ఆ ఇంటివాడు దానికి వీపు ఆన్చి కూర్చుంటేనే మాట్లాడే హక్కు. వాళ్ల దీవి మండపంలో ఉన్న వరసే ఇక్కడా. సముద్రం వైపు మూడో స్తంభం మా తాతది, తర్వాత నాన్నది. నాన్న దక్షిణానికి వెళ్లినా స్తంభం పోలేదు. ఈ ఊరు వచ్చినప్పుడల్లా నేనూ అన్నా దానికే ఆనుకుని కూర్చుంటాం.

ఆ రోజూ నా కాళ్లు అక్కడికే తీసుకెళ్లాయి. అన్న అప్పటికే కూర్చుని ఉన్నాడు. జరిగి చోటిచ్చాడు.

"రా తమ్ముడూ. నడుం నొప్పా? అలా ఉన్నావేం?"

"కాదు."

"మీ జట్టు బాగా ఆడుతోందిరా. ఆ నోటిదురుసు పిల్లాడొకడు, వాడికి బంతి కంటే మాట ముందెళ్తది." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "రేపు పది మందేనటగా?"

అందరికీ తెలిసే ఉంది. ఈ దీవిలో తుమ్మితే అవతలి ఒడ్డున దీవిస్తారు.

లేచాను. చాపలు దాటుకుంటూ నడిచి, వేరే ఊరి చుట్టాలు కూర్చునే చివరికి వెళ్లాను. అక్కడ స్తంభం లేదు. వీపుకి ఏమీ ఆనలేదు. కాళ్లు మడిచి కూర్చున్నాను.

నవ్వులు ఆగిపోయాయి.

"అక్కడెందుకురా?" అన్నాడు అన్న.

"నాది నియులకీతా."

అందరూ నా వైపే తిరిగారు. ఇంకా చెప్పాలని అర్థమైంది.

"పుస్తకంలో తప్పు చెప్పాను. వదిలెయ్యమని అడగడానికొచ్చాను."

ఉత్తరం వైపు స్తంభం దగ్గర కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "వదలకపోతే మాకు కప్పు. వదిలితే మాకేంటయ్యా?"

"ఏమీ లేదు," అన్నాను.

"నిజమే చెప్పాడు," అన్నాడెవరో. మళ్లీ కొంచెం నవ్వు.

అన్న నవ్వలేదు. "రెండు దీవులూ మనవే కదరా. మొన్నటిదాకా మా మనిషివి. ఈ పంతం ఎందుకు?"

మూడు తరగతులు చదివినవాడికి మాటలు వెతుక్కోవాలి. దొరికినవి చెప్పాను.

"నాన్న పడుకున్నది అక్కడ. నేను పడుకునేదీ అక్కడే. నేనెక్కే చెట్లు నాన్న పాతినవి. ఇన్నేళ్లూ అడిగినవాళ్లకి వేరే ఊరు చెప్పాను. రేపు ఒక్కరోజు నిజం చెబుతాను."

అన్న చెయ్యి స్తంభం మీద వేశాడు. దీవి మండపంలో నాన్న ఆఖరిసారి ఆ చోట ఆనుకుని కూర్చున్నప్పుడు అన్నకి పన్నెండేళ్లు. తర్వాత నాన్నని చూడలేదు. నాన్న పోయాడని తెలిసి, ఓడ దొరికి అన్న వచ్చేసరికి పాతేశాం.

"ఇక్కడి నుంచి లేచి అటు వెళ్లినవాడు మళ్లీ ఈ స్తంభానికి ఆనకూడదు. తెలుసా?"

"తెలుసు."

"నీ పిల్లలూ ఆనకూడదు."

"తెలుసు."

అన్న మిగతావాళ్ల వైపు తిరిగాడు. "మైదానంలోకి రానివాళ్ల మీద గెలిచిన కప్పు నేను చేత్తో ముట్టుకోను. మీలో ఎవరికైనా కావాలంటే చెప్పండి."

ఉత్తరపు పెద్దాయన నేల చూశాడు. "వదిలేశాం," అన్నాడు. తర్వాత ఒక్కొక్క స్తంభం నుంచీ ఆ మాటే వచ్చింది.

"బూట్లున్నాయా నీకు?" అని అడిగాడు అన్న.

"లేవు."

"బూట్లు లేకపోతే రిఫరీ మైదానంలో దిగనివ్వడు. వెళ్లి అవి చూసుకో. రేపు మాత్రం జాలి ఉండదు. నీకు ఎదురుగా నా మనవణ్ణే పెడతా."

*

ఊళ్లో ఉన్న బూట్లన్నీ మెలాలి తెచ్చింది. ఒక్కటీ పట్టలేదు. అరవై ఏళ్లు చెట్లెక్కిన కాలు, వేళ్లు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. అన్నిటికంటే పెద్ద జత తీసి, కల్లు కత్తితో రెండు పక్కలా కోశాను. చిటికెన వేళ్లు బయటికొచ్చాయి.

"కొత్తవి అవి," అంది మెలాలి.

"ఇప్పుడు సరిపోయాయి."

ఆమె నవ్వింది. గురువారం తర్వాత అదే మొదలు.

శనివారం మధ్యాహ్నం ఎండ తెల్లగా ఉంది. మైకులో పేర్లు చదివారు. పేరు, ఊరు. ఆ మైకే రేడియోకి వెళుతుంది. మావి ఒక్కొక్కటీ చదువుతుంటే పక్కనున్న పిల్లలు భుజాలు నిక్కించారు. పది అయ్యాయి. పదకొండోది చదివే ముందు ఆయన ఒక్క క్షణం ఆగి కాగితం దగ్గరగా పెట్టుకున్నాడు.

"లుతెలు. నియులకీతా."

జనంలో ఎవడో ఈల వేశాడు. "తాతా, చెట్టు దిగొచ్చావా!"

విజిల్ పడింది. అప్పటికి పదకొండు మందిమీ నిలబడి ఉన్నాం. మెలాలి గీత దగ్గర నుంచి వచ్చెయ్యమని చెయ్యి ఊపింది. నేను అటు చూడలేదు.

ఎడమ గీత పక్కన నిలబడ్డాను. అన్న మనవడు నా ముందుకు బంతి తెచ్చాడు. పంతొమ్మిదేళ్లవాడు. ఆగిపోయాడు.

"తాతయ్యా, కొంచెం పక్కకి జరుగుతారా?"

"జరగను."

"మరి నేనెలా వెళ్లాలండీ?"

వాడు అడుగుతుండగా కాలు పెట్టి బంతి తన్నేశాను. గీత అవతల అన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆటలో వరసలేంట్రా వెధవా! తొక్కేసి పో!"

తర్వాత వాడు అడగలేదు. సగం ఆటకి వాళ్లు రెండు గోల్స్ వేశారు. ఒకటి నా పక్క నుంచే వెళ్లింది. ఉవోటా లోపలికి రాకూడదు కనుక గీత పక్కన పరిగెడుతూ, "తాతా, ఎడమ! తాతా, నీ ఎడమ, నాది కాదు!" అని గొంతు చించుకున్నాడు.

ఆట అయిపోవడానికి కొంచెం ముందు, వాళ్ల గోలుకి దగ్గరలో బంతి గీత దాటింది. త్రో మాది. నా కాళ్లు అప్పటికి కర్రలు. చేతులు మాత్రం నావే. చెట్టుకి చుట్టుకుని శరీరాన్ని లాగే చేతులవి. బంతి తల వెనక్కి తీసుకుని, వెన్ను వంచి విసిరాను. అది అందరి తలల మీదుగా వెళ్లింది. ఫకతోవా ఎగిరాడు. తలకి తగిలి వల కదిలింది.

రెండు, ఒకటి. అంతటితోనే ముగిసింది. కప్పు నియుటావో వాళ్లది. మేము తొమ్మిదిలో ఎనిమిదో చోట ఆగాం, నుయి వాళ్ల కంటే ఒక గోలు పైన. మాటకి నిలబడినవాళ్ల పేరు కొట్టెయ్యడం కుదరదని లీగు గుమస్తా అక్కడే పుస్తకంలో రాశాడు, వచ్చే ఏటికి తొమ్మిది జట్లని. మెలాలి అది కళ్లారా చదివాకే అక్కడి నుంచి కదిలింది.

అన్న కప్పు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. నేను నేల మీద కూర్చుని బూట్లు లాగుతున్నాను.

"ఆ విసురు నాన్నదిరా," అన్నాడు.

"అవును."

"నాకు రాలేదు."

"నువ్వు చెట్లెక్కలేదు."

కప్పు నా పక్కన నేల మీద పెట్టి, తను కూడా కూర్చున్నాడు. ఇద్దరికీ వీపుకి ఏమీ లేదు. జనం పల్చబడేదాకా అలాగే ఉన్నాం.

సోమవారం తపాలా ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. దీవి నుంచి రేడియోలో కబురు వచ్చిందట, నా భార్య ఫైమాతా దగ్గర నుంచి. కాగితం చూసి చదివాడు.

"ఓడిపోయారని విన్నాం. మేమంతా రేడియో చుట్టూ కూర్చుని వేళ్లు మడిచి లెక్కపెట్టాం. పదకొండూ వచ్చాయి. ఆఖరి పేరు దగ్గర ముసలాళ్లు లేచి నిలబడ్డారు. నీ చెట్లు ఎవరూ ఎక్కట్లేదు, కల్లు గీత ఆపేసి గెలల కట్లు విప్పెయ్యమంటావా?"

"జవాబు ఏం రాయమంటావు?" అన్నాడు కాగితం తిరగేసి.

"విప్పొద్దు. ఓడ ఎక్కుతున్నాను."

రాసుకున్నాడు. "ఎక్కడికి పంపాలి? దీవి పేరు చెప్పు," అన్నాడు.

చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు, సరిగా రాసుకోవడానికి. ఈసారి అక్షరం అక్షరం చెప్పాను.